ముందు బువ్వ, తర్వాత అతిథి, ఆ తర్వాతే కోకో

(హనుమకొండలో గ్రామీణ యువతకు జరిగిన శిక్షణ సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)

వేదిక మీది పెద్దలకు, నోటు పుస్తకాలు ముందేసుకొని కూర్చున్న తమ్ముళ్లకు, చెల్లెళ్లకు నమస్కారం.

పొద్దున చాయ్ దగ్గర నన్ను చుట్టుముట్టి మీరు అడిగిన ప్రశ్న ఒక్కటే: "సార్, మా దిక్కు కోకో వస్తదా?" అడిగినవారిలో ములుగు వాళ్లున్నారు, మహబూబాబాద్ వాళ్లున్నారు, జగిత్యాల నుంచి వచ్చిన ఇద్దరు అన్నదమ్ములున్నారు. ఒక తమ్ముడైతే కోకో, కోకోనట్ ఒకటే అనుకొని కొబ్బరి మొక్క ధర అడిగాడు. అతన్ని తప్పుపట్టలేం, పేర్లు అలా ఉన్నాయి. పంట వస్తుందా రాదా అన్నదానికి నా జవాబు ఐదు నిమిషాల్లో అయిపోతుంది. మిగతా సమయాన్ని మీరు అడగని సంగతికి వాడుకుంటాను. ఆ పంటను, మన తిండిని, మన ఊరు చూడవచ్చే మనిషిని కలిపి ఒక బతుకుదెరువు చేసుకోవాలంటే వీటిలో దేనితో మొదలుపెట్టాలి అన్నదే ఆ సంగతి.

ముందు పంట. చాక్లెట్‌కు గింజనిచ్చే కోకో భూమధ్యరేఖకు అటూ ఇటూ 20 డిగ్రీల లోపు పండే చెట్టు. వరంగల్ 18 డిగ్రీల ఉత్తర అక్షాంశం దగ్గర ఉంది కాబట్టి పటం చూసినవారికి ఆశ కలగడం సహజం. కానీ అది అమెజాన్ ఎగువ అడవుల్లో పెద్ద చెట్ల కింద, చెమ్మ ఆరని గాలిలో పుట్టి పెరిగిన జాతి. ఏడాదికి 1500 మిల్లీమీటర్లకు తగ్గకుండా, అదీ నెలనెలా ఎంతో కొంత పడే వాన దానికి కావాలి. మనకు పడేది వెయ్యి మిల్లీమీటర్లకు అటూ ఇటూ, అందులో ఎక్కువ భాగం నాలుగు నెలల్లోనే పడిపోతుంది. మే నెల వడగాలిలో, 44, 45 డిగ్రీల ఎండలో, బోడి చెలక మీద కోకో మొక్క నాటినవాడు దాన్ని మళ్లీ చూసేది పొయ్యిలోనే.

అయితే నీడా నీరూ రెండూ ఉన్నచోట మాట వేరు. మన రాష్ట్రంలో అశ్వారావుపేట, దమ్మపేట వైపు పామాయిల్, కొబ్బరి తోటల్లో కోకో అంతర పంటగా నిలబడింది. సరిహద్దు దాటితే ఏలూరు, పశ్చిమ గోదావరి తోటల్లో అది విస్తారంగా ఉంది, దేశంలో కోకో దిగుబడిలో ఆంధ్రప్రదేశ్‌దే ముందు స్థానం. పామాయిల్‌ను తొమ్మిది మీటర్ల ఎడంతో ముక్కోణంగా నాటితే ఎకరానికి 57 చెట్లు పడతాయి. చెట్లు ఎదిగి మట్టలు కమ్ముకున్నాక కింద పడే పలుచని నీడ కోకోకు సరిపోతుంది. 2021లో జాతీయ వంటనూనెల మిషన్ వచ్చిన తర్వాత మన ములుగు, భూపాలపల్లి, మహబూబాబాద్, వరంగల్ జిల్లాల్లో నాటిన పామాయిల్ తోటలు ఇప్పుడిప్పుడే ఆ ఎదుగుదలకు వస్తున్నాయి. అలాంటి తోట, డ్రిప్పు, వేసవిలోనూ ఎండని బోరు ఉన్నవారు పది ఇరవై మొక్కలతో ప్రయత్నం చేయవచ్చు. నాటిన మూడేళ్లకు కాపు మొదలవుతుంది, చెట్టు నిండుగా కాయడానికి మరికొన్నేళ్లు పడుతుంది. మిగిలినవాళ్లు నాటవద్దు. ఇదీ నా ఐదు నిమిషాల జవాబు.

ఇక ధర. ప్రపంచంలో పండే కోకోలో సగానికి పైగా ఐవరీ కోస్ట్, ఘనా అనే రెండు పశ్చిమ ఆఫ్రికా దేశాల నుంచే వస్తుంది. అక్కడ వానలు గతి తప్పి, చెట్లకు తెగుళ్లు సోకి దిగుబడి పడిపోయేసరికి, అంతకుముందు ఏళ్లపాటు టన్నుకు 2,500 డాలర్ల దగ్గర తిరిగిన ధర 2024 డిసెంబరులో 12,000 డాలర్లు దాటింది. ఏలూరు వైపు రైతు చేతికి కిలో ఎండు గింజకు వెయ్యి రూపాయల దరిదాపుల్లో వచ్చిన రోజులు కూడా చూశాం. 2025 వేసవికి అది సగానికి పడిపోయింది, కొనేవారు వెనక్కి తగ్గారు, రైతులు రోడ్డెక్కారు. ఎక్కడో ఆఫ్రికాలో వాన పడితే ఇక్కడ మన రైతు ముఖం వాడిపోయే పంట ఇది. పత్తి, మిర్చి రైతుల పిల్లలైన మీకు ఈ బాధను విడమరచి చెప్పనక్కర్లేదు.

నేను ఎన్నో ఏళ్లు తోటల సలహాదారుగా పనిచేసిన మనిషిని. ఒకసారి ఏలూరు జిల్లాలో ఒక పెద్దాయన తోటకు వెళ్లాను. ఇరవై ఏళ్లుగా కోకో పండిస్తున్న మనిషి ఆయన. కాయ కోయడంలో ఆయన చేయి ఎంత తేలికో చెప్పలేను. కోకో పూత కొమ్మ చివర రాదు, మాను మీదే, ముదురు కొమ్మల బెరడు మీదే మెత్తల్లాంటి చిన్న ఉబ్బుల్లో వస్తుంది. కాయ కోసేటప్పుడు ఆ మెత్త గీరుకుపోతే మళ్లీ అక్కడ పూత రాదు. ఆయన ఒక్క మెత్తకు కూడా కత్తి తగలనివ్వలేదు. ఆ మధ్యాహ్నం నా సంచిలో ఉన్న వేయించిన కోకో గింజలు రెండు తీసి ఆయన చేతిలో పెట్టాను. ఒకటి నోట్లో వేసుకొని నమిలి, మొహం చిట్లించి, కాసేపు ఆగి, "ఇది మా గింజేనా అండీ?" అన్నారు. ఇరవై ఏళ్లలో ఆయన తన పంటను రుచి చూడలేదు. కాయ పగలగొట్టి తడి గింజ తీయడం, కాటా వేయడం, డబ్బు తీసుకోవడం, అంతవరకే ఆయన పని. ఆ తర్వాత దానికి ఏం జరుగుతుందో ఆయనకు చెప్పినవారు లేరు. అడగాలన్న ఆలోచన ఆయనకూ రాలేదు.

గింజ వాసనా రుచీ తెచ్చుకునేది సరిగ్గా ఆ తర్వాతి వారం రోజుల్లోనే. కోకో కాయలో ముప్పై నలభై గింజలుంటాయి, చుట్టూ తెల్లటి గుజ్జు ఉంటుంది. సీతాఫలం తొనను తలచుకోండి, దానికి కాస్త పులుపు కలపండి, అదీ ఆ గుజ్జు. గింజలను గుజ్జుతో సహా చెక్క పెట్టెలో పోసి అరటాకులు కప్పితే మొదటి రోజు కల్లు వాసన వస్తుంది. గుజ్జులోని చక్కెర సారాగా మారుతోందన్నమాట. రెండు మూడు రోజులకు ఆ సారా పులిసి సిర్కా అవుతుంది, పెట్టెలో వేడి 45 నుంచి 50 డిగ్రీల దాకా ఎక్కుతుంది, చేయి పెడితే చురుక్కుమంటుంది. ఆ వేడికి, ఆ పులుపుకు గింజలోని మొలక చచ్చిపోయి, చేదూ వగరూ తగ్గి, వేయించినప్పుడు చాక్లెట్ వాసన ఇచ్చే గుణం లోపల తయారవుతుంది. రెండు రోజులకొకసారి తిరగేస్తూ ఐదారు రోజులు ఉంచి, ఆపైన తేమ ఏడు శాతానికి దిగేదాకా ఎండబెట్టాలి. గింజను నిలువుగా కోసి చూస్తే అంతా తెలిసిపోతుంది. గోధుమ రంగులో పగుళ్లు తేలి ఉంటే సరిగా పులిసినట్టు, ఊదా రంగు మిగిలి ఉంటే ఇంకా పచ్చిదన్నట్టు.

నేను మొదటిసారి దీన్ని హనుమకొండలో మా ఇంటి వెనక చేశాను. పది కిలోల తడి గింజ తెచ్చి ప్లాస్టిక్ బకెట్లో పోసి గోనె కప్పాను. మూడో రోజు చేయి పెడితే చల్లగా ఉంది. ఐదో రోజుకు పైన తెల్లటి బూజు, కింద కుళ్లు వాసన. మా ఇంటావిడ బకెట్ బయట పెట్టేదాకా ఊరుకోలేదు. తర్వాత తెలిసిందేమిటంటే, కుప్ప చిన్నదైతే వేడి నిలవదు, యాభై అరవై కిలోలైనా ఒక్కచోట పడాలి. ఒక రైతు ఒక కోతలో అంత తీయలేడు. అందుకే పది ఇరవై మొక్కలు పెట్టదలచినవారు పక్క ఊరి నలుగురిని కలుపుకొని, ఒకేరోజు కోసి, ఒకేచోట పోయవలసి ఉంటుంది. సంఘం పెట్టుకొమ్మని మీకు వేదికల మీద చాలామంది చెప్పి ఉంటారు. ఇక్కడ మాత్రం ఆ బూజే చెబుతోంది.

ఈ పనిని ఊళ్లోనే ఉంచుకొని, దాన్ని చూడటానికి పైవాళ్లు వచ్చేలా చేసినవారు ప్రపంచంలో ఉన్నారు. ఈక్వడార్ దేశంలో నాపో అనే ప్రాంతం ఉంది. అక్కడి కిచ్వా ఆదివాసులు ఇంటి చుట్టూ వేసుకునే తోటను చక్రా అంటారు. పేరు మన చక్రంలా వినిపించినా అది వాళ్ల భాషలో పంట భూమికి పేరు. కోకో, అరటి, కర్రపెండలం, వనిల్లా, చాయ్‌లా కాచుకునే గుయూసా ఆకు, మందు మొక్కలు అన్నీ ఒకదాని నీడలో ఒకటి పెరుగుతాయి. ఆ తోటను నడిపేది ఎక్కువగా ఆడవాళ్లు. 2023లో ఐక్యరాజ్య సమితి ఆహార, వ్యవసాయ సంస్థ ఈ పద్ధతిని ప్రపంచ వ్యవసాయ వారసత్వంగా గుర్తించింది. అక్కడి కిచ్వా సహకార సంఘం కల్యారి తన సొంత చాక్లెట్ తయారుచేసి అమ్ముతుంది. వచ్చిన అతిథికి వాళ్లు తోట చూపిస్తారు, గింజ వేయించి చేతికిస్తారు, చేపను ఆకులో చుట్టి నిప్పుల మీద కాల్చి పెడతారు. ఆకులో చుట్టిన ఆ చేప పేరు మైతో. నేను దాని గురించి తెలుసుకున్నప్పుడు రామప్ప చెరువు కొర్రమట్ట, మన మోదుగాకు గుర్తుకొచ్చాయి.

కరీబియన్ సముద్రంలో గ్రెనడా అనే చిన్న దీవి ఉంది. అక్కడి బెల్మాంట్ ఎస్టేట్‌లో ఎండబెట్టిన కోకో గింజలను తిరగేయడానికి మనుషులు వాటి మధ్య కాళ్లు ఈడ్చుకుంటూ నడుస్తారు, దాన్ని కోకో నాట్యం అంటారు, పర్యాటకులు చెప్పులు విప్పి ఆ పని చేయడానికి డబ్బు ఇచ్చి మరీ వస్తారు. మీరు నవ్వుతున్నారు. ఎందుకో నాకు తెలుసు. కార్తీకంలో రోడ్డు పక్కన ఆరబోసిన వడ్లను మన తల్లులు పాదాలతో దువ్వుతూ నడిచే నడక అదే. ఆ నడక మనల్నెవరూ చూపించమని అడగలేదు, మనమూ ఎవరినీ రమ్మనలేదు.

ఈ రెండు చోట్లా కోకో ముందే ఉంది, తిండీ అతిథీ తర్వాత వచ్చాయి. మన దగ్గర వరుస తిరగబడాలన్నది నేను ఈరోజు మీ ముందు పెట్టదలచిన మాట. మనకు కోకో లేదు, ఉన్నా మూడేళ్లకు గానీ కాయదు. చూడదగిన చోటు ఉంది, అతిథి ఇప్పటికే వస్తున్నాడు. లేనిది అతనికి పెట్టే బువ్వ.

రామప్పనే చూడండి. 1213లో గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు కట్టించిన గుడి, 2021 జూలైలో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. హనుమకొండ నుంచి డెబ్బై కిలోమీటర్ల లోపే. ఆదివారం కార్లు, బస్సులు వస్తాయి. వచ్చినవారు గంటసేపు నల్లరాతి మదనికలను చూస్తారు, నీటిలో తేలే ఇటుకల కథ వింటారు, ఫోటోలు దిగుతారు, అటు లక్నవరం వేలాడే వంతెన వైపో ఇటు వరంగల్ వైపో వెళ్లిపోతారు. ఆకలైతే దొరికేది ఎక్కువగా చిప్స్ పొట్లం, కూల్ డ్రింకు, ఎక్కడైనా దొరికే ఫ్రైడ్ రైస్. గుడి ఉన్న పాలంపేట చుట్టుపక్కల ఇళ్లలో అదే సమయంలో సర్వపిండి కాలుతూ ఉంటుంది. బియ్యప్పిండిలో నానిన శెనగపప్పు, నువ్వులు, పల్లీలు, కరివేపాకు, ఉల్లికాడలు కలిపి, గుండ్రటి గిన్నె అడుగున చేతితో ఒత్తి, వేళ్లతో చిల్లులు పొడిచి, చిల్లుకో చుక్క నూనె పోసి మూత పెట్టి కాల్చే ఆ పిండివంట తయారయ్యేటప్పుడు గిన్నె అంచున అది చేసే చిటపట ఎంత దూరం వినిపిస్తుందో మీకు తెలుసు. ఊరివాళ్లకు అది ఆదివారం పూట ఆకలి తీర్చేది, అంతే. హైదరాబాద్ నుంచి వచ్చినవాడికి అదే ప్రయాణానికి సగం కారణం కాగలదు.

నమ్మకం కలగకపోతే అంకాపూర్ వెళ్లి రండి. నిజామాబాద్ జిల్లాలో ఆర్మూర్ పక్కన ఉన్న ఆ ఊరు విత్తన పంటలకు పేరు. కానీ బయటివారి నోట ఆ పేరు వినిపించేది దేశీ కోడి కూర వల్ల. ముందే ఫోన్ చేసి చెబితే కోడిని వండి, అన్నంతో కట్టి ఇస్తారు. అక్కడ కోటలూ లేవు, జలపాతాలూ లేవు. అయినా దారి మళ్లించుకొని మరీ జనం వెళ్తారు. ఆ ఊరివాళ్లు పైవాడి నాలుకకు తగ్గట్టు కారం తగ్గించలేదు, తమ ఇంట్లో ఎలా వండుకుంటారో అలాగే వండారు.

కాబట్టి మొదటి ఏడాది మీ పెట్టుబడి ఒక పొయ్యి, రెండు గిన్నెలు, శుభ్రమైన నీళ్లు, ఆడవాళ్లు వెళ్లడానికి వెనకాడని మరుగుదొడ్డి. చివరిదాన్ని తేలిగ్గా తీసుకోకండి, కుటుంబంతో వచ్చినవారు ఒక ఊరికి మళ్లీ వచ్చేదీ రానిదీ దానితోనే తేలుతుంది. మక్క గట్క, పచ్చిపులుసు, చెరువు చేప, ఎండాకాలంలో అంబలి, తాటి ముంజలు చాలు. వేసవి మొదట్లో తెల్లవారకముందే రాలే ఇప్పపువ్వు ఏరడానికి అతిథిని వెంట తీసుకెళ్లండి. చెట్టు కింద ఆకులు తగలబెట్టకుండా వల పరిచి పువ్వు పట్టే పద్ధతి అతనికి చూపించండి, అడవికి నిప్పు అంటుకునే ప్రమాదం ఆ వలతో తగ్గుతుందని కూడా చెప్పండి. ఇప్పపువ్వు లడ్డూతో ఆదిలాబాద్ జిల్లా ఉట్నూరు వైపు ఆదివాసీ అక్కలు పెట్టుకున్న పేరు మీరు వినే ఉంటారు.

ఒక హెచ్చరిక. మేడారం జాతరను చూసి లెక్కలు వేయకండి. రెండేళ్లకొకసారి మాఘ మాసంలో నాలుగు రోజులు వచ్చే జనం సమ్మక్క సారలమ్మల కోసం వస్తారు, మీ కోసం కాదు. ఆ నాలుగు రోజుల రద్దీకి సరిపడా కట్టిన గదులు మిగతా ఏడు వందల రోజులు ఖాళీగా ఉంటాయి.

తిండి నిలబడ్డాక, వచ్చినవారు ఒక పూట ఆగడం మొదలయ్యాక కోకో గురించి ఆలోచించండి. అప్పటికి మీ ఊరి పామాయిల్ నీడ కూడా చిక్కబడి ఉంటుంది. కొందరు పెద్దలు ఇది పరాయి పంట, మనకెందుకు అంటారు. వారికి నేను మిరపకాయ చూపిస్తాను. మిరప కూడా కోకో పుట్టిన అమెరికా ఖండాల నుంచి, పోర్చుగీసు ఓడల కాలంలో మన దేశానికి వచ్చిందే. ఈరోజు ఎనుమాముల మార్కెట్ ఎరుపెక్కేది దానితోనే, 2025లో మన వరంగల్ చపాటా మిర్చికి భౌగోళిక గుర్తింపు వచ్చింది. టమాటాలా లావుగా, కారం తక్కువగా, రంగు ఎక్కువగా ఉండే ఆ కాయ మనదని ఇప్పుడు ఎవరూ సందేహించరు. మన రోట్లో పడి తొక్కయ్యాకే అది మనదైంది. మెక్సికో, మధ్య అమెరికా ప్రాంతాల్లో మాయా, అజ్టెక్ జనాలు ఆ గింజను నీళ్లలో నూరి, మిరపకాయ వేసి నురగ తేల్చి తాగేవారు. పాలు, చక్కెర చాలా తర్వాత వచ్చి చేరాయి. అంటే కోకో, మిర్చి పాత చుట్టాలే, మన ఊళ్లో మళ్లీ కలుసుకుంటాయి.

తయారీ యంత్రం కోసం ఎక్కడికో పోనక్కర్లేదు. గింజను రాళ్ల మధ్య గంటల తరబడి నూరే చిన్న మెలాంజర్‌ను ఇప్పుడు ప్రపంచమంతా చిన్న చాక్లెట్ తయారీదారులు వాడుతున్నారు. అది ఇడ్లీ పిండి రుబ్బే మన వెట్ గ్రైండర్ నుంచి వచ్చిందే. 2020లో మొదలైన సూక్ష్మ ఆహార శుద్ధి పరిశ్రమల కేంద్ర పథకంలో యంత్రాలకు 35 శాతం, పది లక్షలకు మించకుండా రాయితీ పెట్టారు. అది ఇప్పుడు అమల్లో ఉందో లేదో, నిబంధనలు ఏమిటో మీ జిల్లా అధికారులను అడగండి, ఆహార భద్రత నమోదు కూడా చేయించుకోండి. ఇంతకుమించి ఈ కాగితాల మీద సమయం పెట్టను.

ఆ గ్రైండర్‌తో నేను చేసిన రెండో తప్పు చెప్పాలి. చక్కెర ఎందుకు, మేడారంలో అమ్మవార్లకు బంగారంగా ఇచ్చే బెల్లమే వేద్దామని ఉత్సాహపడి, వేయించి పొట్టు తీసిన కోకో పలుకులు రాయి కింద నునుపుగా నలుగుతున్నప్పుడు గుప్పెడు బెల్లం తురుము అందులో వేశాను. రెండు నిమిషాల్లో కారుతున్న ముద్ద కాస్తా తడి మట్టిలా బిగుసుకుపోయింది, రాయి ఆగిపోయింది, మోటారు కాలిన వాసన వచ్చింది. కోకోలో సగానికి పైగా కొవ్వే, దానికి చెమ్మ పడదు. బెల్లంలోని కాస్త తేమ చాలు, అంతా గడ్డకడుతుంది. బెల్లాన్ని ఎండబెట్టి పొడి చేసి, గోరువెచ్చగా ఆరబెట్టాక గానీ వేయకూడదు. ఇప్పుడు అలాగే చేస్తున్నాను, రాయి తిరుగుతోంది.

ఇంకో సంగతి, చాక్లెట్ పలక జోలికి ఇప్పుడే పోకండి. కోకో వెన్న మన ఒంటి వేడికే కరుగుతుంది, వరంగల్ మే నెలలో దుకాణం అరమీదే కారిపోతుంది. చల్లటి గది, ఆ గదికి కరెంటు బిల్లు, చల్లని బండి, ఇవన్నీ పట్నం వ్యాపారాలు. మీరు అమ్మవలసినవి ఎండకు భయపడనివి కావాలి. బెల్లంతో పొదిగిన వేయించిన పలుకులు, చపాటా మిర్చి పొడితో కలిపిన కోకో పొడి, పొట్టుతో కాచే కషాయం అలాంటివే. కాయ కోసిన రోజే గుజ్జు నుంచి కారే రసం కూడా అమ్మవచ్చు. కానీ అది సాయంత్రానికి పులుస్తుంది, అందుకే తోటలోనే తాగించాలి, అందుకే అతిథి తోట దాకా రావాలి. పట్నంలో ఏ దుకాణంలోనూ దొరకని ఆ ఒక్క గ్లాసు కోసం అతను వస్తాడని నా నమ్మకం. అది తాగించడానికి ముందు అతనికి సర్వపిండి పెట్టి ఉంటే, తాగినాక గింజ కథ వినే ఓపిక కూడా ఉంటుంది.

మాటలు చాలు. వెనక నుంచి చెల్లెళ్లు మోదుగాకు దొప్పలు పంచుతున్నారు. ఒక్కో దొప్పలో వేయించిన గింజలు మూడు, బెల్లం ముక్క ఒకటి ఉన్నాయి. గింజను బొటనవేలితో నొక్కితే పొట్టు ఊడి వస్తుంది. ముందు గింజ ఒక్కటే నమలండి, చేదుగా ఉంటుంది, ఉమ్మేయకండి, కాసేపు ఆగితే నాలుక చివర పండు పులుపు తగులుతుంది. ఆ తర్వాత బెల్లం. పొట్టు మాత్రం కింద పడేయకుండా దొప్పలోనే ఉంచండి. బయట గిన్నెలో నీళ్లు మరుగుతున్నాయి, మీ ప్రశ్నలు అయ్యేలోపు ఆ పొట్టుతో అందరికీ తలా ఒక గ్లాసు కషాయం కాస్తారు.